ఓడ వేగం సంగతి తర్వాత, ముందు వార్త వేగం తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: తొమ్మిది మంది కలిసి తెలుగులో ఒక సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లే మొదలుపెట్టారు. వంతులవారీగా పోస్టులు రాస్తూ కథ నడుపుతున్నారు. కాంతి కంటే వేగంగా వెళ్లే ఓడలున్నాయి. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి వారం పట్టాలని ఒకరంటున్నారు, కన్ను మూసి తెరిచేలోపు వెళ్లిపోవాలని ఇంకొకరంటున్నారు. సైన్స్ ప్రకారం సరైన అంకె ఏదైనా ఉందా, లేకపోతే ఈ పంచాయితీ ఎలా తేల్చాలి?

సైన్స్ దగ్గర అలాంటి అంకె లేదండీ. దాని దగ్గరున్నది ఒక్కటే, సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. ఆ గీత దాటేశామని మీరు మొదటి పోస్టులోనే రాసేశారు. ఇక వారమా, నిమిషమా అన్నది ఐన్‌స్టీన్ని అడిగి లాభం లేదు, మీ తొమ్మిది మందినే అడగాలి. పదకొండేళ్లుగా ఇలాంటి ఆటలు నడుపుతున్నాను. రెండు ఆటలు నా చేతుల్లోనే చచ్చిపోయాయి, రెండూ ఈ వేగం గొడవతోనే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, టీ పెట్టుకుని చదవండి.

మొదటి ఆటలో మేం హద్దే పెట్టలేదు. కథకు ఎంత కావాలంటే అంత వేగం అనుకున్నాం. ఆరు నెలలు హాయిగా నడిచింది. డాలస్‌లో ఉద్యోగం చేసే ఒకాయన పెద్ద వ్యాపార కూటమిని నడిపేవాడు. గుంటూరు నుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు చిన్న గ్రహ రాజ్యాన్ని చూసుకునేవాడు. కుర్రాడికి సెమిస్టర్ పరీక్షలు వచ్చాయి. నాలుగు రోజులు కనపడనని చెప్పి వెళ్లాడు. మనకు అర్ధరాత్రి అంటే డాలస్‌లో మధ్యాహ్నం. ఆ ఒక్క రాత్రే మూడు పోస్టులు పడ్డాయి. మొదటిది: నౌకాదళం బయల్దేరింది. రెండోది: నౌకాదళం రాజధాని కక్ష్యలోకి చేరింది. మూడోది: రాజభవనం మీద కొత్త జెండా ఎగిరింది. పరీక్షలు రాసి వచ్చేసరికి కుర్రాడికి రాజ్యం లేదు.

రూలు ప్రకారం ఏ తప్పూ జరగలేదు, ఎందుకంటే రూలే లేదు. డాలస్ ఆయన చెడ్డవాడేమీ కాదు, కథ ఊపులో రాసుకుంటూ పోయాడంతే. ఆ మూడు పోస్టులు చెరిపేద్దామంటే, ఈలోపు వాటి మీద ఇంకో నలుగురు రాసేశారు. వారం రోజులు వాదించుకున్నాం. ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు. గ్రూపు ఇప్పటికీ ఉంది, పండగలకు శుభాకాంక్షలు పెట్టుకోవడానికి.

కలిసి రాసే కథలో ప్రయాణానికి టైము పెట్టేది ఎదుటివాడి వంతు రావడం కోసం. ఒక్కడే కూర్చుని నవల రాసుకుంటే ఈ బాధ లేదు, ఓడ ఎప్పుడు చేరాలో రాసేవాడికి తెలుసు. మన ఆటలో దాడి చేసేవాడు ఒకడు, కాచుకోవాల్సినవాడు ఇంకొకడు, ఇద్దరి మధ్య పదిన్నర గంటల టైమ్ తేడా, ఒకడికి పరీక్షలు, ఇంకొకడికి ఆఫీసులో రిలీజ్ టెన్షన్. 'బయల్దేరాం' అన్న పోస్టుకూ 'వచ్చేశాం' అన్న పోస్టుకూ మధ్య ఎదుటివాడు ఒక్కసారైనా పోస్టు రాయగలగాలి. మీ ఓడ వేగం ఎంతైనా పెట్టుకోండి, ఈ ఒక్క షరతు తీరితే చాలు.

ఇక అసలు పని. అందరూ ఓడ వేగంతో మొదలుపెడతారు. నేనైతే వార్త వేగంతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే కథ స్వభావాన్ని మార్చేది అదే. ఓడకు వారం పట్టి, ఫోన్ మాత్రం క్షణంలో కలిసిందనుకోండి. మీ గెలాక్సీ ఇవాళ్టి ప్రపంచంలాగే ఉంటుంది, ప్రతి కెప్టెనూ ప్రతి చిన్నదానికీ రాజధానికి ఫోన్ చేసి అడుగుతాడు. సొంతంగా నిర్ణయం తీసుకునే పాత్ర ఒక్కటీ మిగలదు. ఓడతో పాటే వార్త వెళ్లాలి, అంతకంటే వేగంగా వెళ్లే దారి లేదన్నారనుకోండి, ఒక్కసారిగా ప్రతి కెప్టెనూ చిన్న రాజు అయిపోతాడు. లండన్ నుంచి మద్రాసుకు ఉత్తరం రావడానికి ఐదారు నెలలు పట్టే రోజుల్లో ఈస్టిండియా కంపెనీవాళ్లు ఇక్కడ ఎవరినీ అడక్కుండా యుద్ధాలు చేసింది ఆ దూరం వల్లే కదా.

మన బందరు కథ చూడండి, నేను కొత్త ప్లేయర్లకు ఎప్పుడూ చెప్పేది ఇదే. 1759లో బందరు కోట ఫ్రెంచివాళ్లది. కల్నల్ ఫోర్డ్ ఇంగ్లిష్ సేనతో వచ్చి ముట్టడి వేశాడు. ఫ్రెంచివాళ్ల తరఫున దక్కన్ పాలకుడు సలాబత్ జంగ్ పెద్ద సేనతో దారిలో ఉన్నాడు. సముద్రం మీద ఫ్రెంచి ఓడలు సైనికులను ఎక్కించుకుని వస్తున్నాయి. ఫోర్డ్ ఆగితే రెండు వైపులా ఇరుక్కుంటాడు. ఏప్రిల్ 7 రాత్రి కోట మీద పడ్డాడు, తెల్లారేసరికి కోట అతని చేతిలో ఉంది. ఓడలు కొద్ది రోజుల తర్వాత తీరానికొచ్చాయి. కోట మీద వేరే జెండా ఉంది. సలాబత్ జంగ్ చివరికి ఇంగ్లిష్‌వాళ్లతోనే ఒప్పందం చేసుకున్నాడు.

ఇందులో నాటకమంతా ఆలస్యంలోనే ఉంది. సాయం వస్తోందని లోపలివాళ్లకు తెలుసు, ఎప్పుడొస్తుందో తెలియదు. ఓడలో ఉన్నవాళ్లకు కోట పడిపోయిన సంగతే తెలియదు. ఇదే కథలో అందరి దగ్గరా ఫోన్లున్నాయనుకోండి, ఓడలు దారిలోనే వెనక్కి తిరిగేవి, ఫోర్డ్ అంత తెగించేవాడే కాదు. మీ ఆటలో ఇలాంటి రాత్రి ఒక్కటైనా కావాలంటే ఫోన్ తీగలు కోసేయండి.

వార్తను ఓడకు కట్టేయడంలో ఇంకో లాభం ఉంది, మెటాగేమింగ్ తగ్గుతుంది. అంటే ప్లేయర్‌గా తనకు తెలిసింది తన పాత్రకు కూడా తెలిసినట్టు రాసేసే జబ్బు. 'మీ పాత్రకు ఈ సంగతి ఏ ఓడ మోసుకొచ్చింది?' అని ఒక్క మాట అడిగితే చాలు, సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి. మా రెండో ఆటలో వార్తలు మోసే చిన్న ఓడ నడిపే పాత్రను ఒకామె తీసుకుంది. ఆయుధం లేదు, రాజ్యం లేదు. మూడు నెలల్లో ఆటలో అందరికంటే బలమైన పాత్ర అదే అయింది. యుద్ధం మొదలైందన్న కబురు ముందు ఎవరికివ్వాలో ఆవిడే తేల్చేది.

ఈ పద్ధతి నా సొంతం కాదు. 1977లో ట్రావెలర్ అని టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లే ఆట ఒకటి వచ్చింది. అందులో జంప్ (కాంతిని దాటి ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకడం) దగ్గరికైనా దూరానికైనా సుమారు వారమే పడుతుంది. ఇంజన్ రకాన్ని బట్టి ఒక్క జంప్‌లో ఒకటి నుంచి ఆరు పార్సెక్‌ల దాకా వెళ్లొచ్చు. పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు. ఒక్కో పార్సెక్‌కు ఓడ పరిమాణంలో పదో వంతు ఇంధనానికే పోతుంది, అంటే దూరం వెళ్లే ఓడలో సరుకుకు చోటుండదు. వార్త కూడా ఓడ ఎక్కాల్సిందే. దాదాపు యాభై ఏళ్ల కిందటి రూలు, ఇప్పటికీ దానికంటే తెలివైనది నేను చూడలేదు. ఎంత దూరమైనా వారమే అనేసరికి లెక్కలు వేసే పనే లేదు. దూరానికి ధర ఇంధనంలో కట్టాలి, టైములో కాదు.

ఆ ఆటలోదే ఇంకో రూలు మీరు కళ్లు మూసుకుని తెచ్చుకోవాలి. ఏ గ్రహానికైనా, నక్షత్రానికైనా దాని వ్యాసానికి నూరు రెట్ల దూరం లోపల జంప్ చేయకూడదు. చూడ్డానికి చిన్న రూలు. భూమితో లెక్క వేసి చూడండి. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, నూరు రెట్లంటే సుమారు 12.7 లక్షల కిలోమీటర్లు, చంద్రుడి దూరానికి మూడు రెట్లకు పైనే. మన బరువు మనకు మామూలుగా తెలిసేంత త్వరణంతో సగం దూరం ముందుకు తోసి, మిగతా సగం బ్రేకు వేస్తూ వెళ్తే ఆరు గంటల పైన పడుతుంది. ఆ ఆరు గంటలూ మీకు బంగారం. తప్పించుకునేవాడు ఆ గీత దాకా పరుగెత్తాలి, తరిమేవాడు అక్కడికి చేరేలోపు పట్టుకోవాలి. దాడికొచ్చినవాడు గుమ్మం ముందు ప్రత్యక్షం కాలేడు, ఊరి పొలిమేర దగ్గర దిగి నడిచి రావాలి. ఊళ్లోవాళ్లకు కనపడతాడు.

సూర్యుడితో వేసి చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. సూర్యుడి వ్యాసం సుమారు 13.9 లక్షల కిలోమీటర్లు, కాబట్టి గీత 13.9 కోట్ల కిలోమీటర్ల దగ్గర పడుతుంది. భూమి సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది, అంటే గీతకు కాస్త బయట. శుక్రుడు 10.8 కోట్ల దగ్గర లోపలే ఉండిపోయాడు. శుక్రుడి దగ్గరికి నేరుగా జంప్ చేయలేరు, అక్కడ దొంగతనంగా స్థావరం పెట్టుకునేవాడికి సహజమైన కోట గోడ దొరికినట్టే. ప్రాక్సిమా సెంటారీ చిన్న ఎర్ర నక్షత్రం, సూర్యుడి వ్యాసంలో ఏడో వంతుకు అటూ ఇటూ. గీత సుమారు 2.1 కోట్ల కిలోమీటర్ల దగ్గర పడుతుంది. కానీ దాని గ్రహం ప్రాక్సిమా బి నక్షత్రానికి సుమారు 73 లక్షల కిలోమీటర్ల దూరంలోనే తిరుగుతోంది, గీతకు బాగా లోపల. అక్కడికి ఏ ఓడ వచ్చినా చివర్లో దాదాపు ఒక రోజు మామూలు ప్రయాణం తప్పదు. ఒక్క రూలు పెడితే ఏ గ్రహం కోట, ఏ గ్రహం సంత అన్నది లెక్కే తేల్చేసింది. ఇవన్నీ మీరు కూర్చుని కల్పించాలంటే నెల పడుతుంది.

ఇక ఒక్క జంప్‌లో ఎంత దూరం అన్న సంగతి. ఇక్కడ అందరూ నోటికొచ్చిన గుండ్రటి అంకె చెప్పేస్తారు. మ్యాపు దగ్గర పెట్టుకోకుండా అంకె చెప్పకండి. మా రెండో ఆటలో నేనే నాలుగు కాంతి సంవత్సరాలన్నాను, ఘనంగా. మొదటి రోజు ఒక కుర్రాడు అడిగాడు, 'అన్నా, మరి సూర్యుడి దగ్గర్నుంచి ఎక్కడికి వెళ్తాం?' అని. అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నా రూలుతో మానవజాతి మొత్తం ఇంట్లోనే కూర్చుంది.

సరే అని ఐదు చేశాం. ఆల్ఫా సెంటారీకి 4.37, వెళ్లగలిగాం. అక్కడి నుంచి ముందుకు? ఐదు లోపల ఏముందని వెతికితే లూమన్ 16 దొరికింది. అది 2013లో బయటపడ్డ జంట గోధుమ మరుగుజ్జు. నక్షత్రం కావడానికి బరువు చాలని వస్తువులన్నమాట, వెలుగు చాలా తక్కువ. ఆల్ఫా సెంటారీ నుంచి సుమారు 3.6 కాంతి సంవత్సరాలు. ఎవరూ పట్టించుకోని ఆ చీకటి చోటు మా ఆటలో హైవే మీద పెట్రోల్ బంకు అయిపోయింది. ప్రతివాడూ ఇంధనం కోసం అక్కడ ఆగాల్సిందే, అక్కడ బంకు పెట్టుకున్నవాడే రాజు.

ఆరు చేసి ఉంటే కథ వేరేలా ఉండేది. బర్నార్డ్ నక్షత్రం 5.96 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే ఆరు అనగానే ఇంటి నుంచి రెండో తలుపు తెరుచుకుంటుంది. అక్కడి నుంచి రాస్ 154కు సుమారు ఐదున్నర, దారి ముందుకు సాగుతుంది. కానీ బర్నార్డ్‌కూ ఆల్ఫా సెంటారీకీ మధ్య దూరం సుమారు ఆరున్నర. రెండూ మనకు దగ్గరే, వాటికవి దూరం. కాబట్టి ఆ రెండు చోట్ల ఉండే శత్రువులు ఒకరి మీదకొకరు వెళ్లాలంటే మన సూర్యుడి మీదుగా పోవాలి. ఒకటికి రెండు దేశాలు మన గుమ్మంలో నిలబడి కొట్టుకోవడం కంటే మంచి కథ ఇంకేం కావాలి? అదే ఏడు చేశారనుకోండి, ఈ కథ మొత్తం ఆవిరైపోతుంది. ఐదుకూ ఆరుకూ ఏడుకూ మధ్య తేడా అంత ఉంది. సిరియస్‌కు 8.6, టౌ సెటీకి సుమారు 11.9. ఇలాంటి ఓ పది నక్షత్రాల మధ్య దూరాలు ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేసుకుని, అంకె మారుస్తూ ఏ దారి తెగుతుందో, ఏది కలుస్తుందో చూడండి. మ్యాపు కాగితం మీద చదునుగా గీసుకోవద్దు. ఆకాశానికి ఎత్తు కూడా ఉంటుంది, చదును మ్యాపులో పక్కపక్కన కనపడ్డ రెండు నక్షత్రాలు నిజానికి ఇరవై కాంతి సంవత్సరాల ఎడంలో ఉండొచ్చు.

ఇలా దూరాలతో తిప్పలెందుకు, గేట్లు పెట్టేస్తామంటారా? పెట్టుకోవచ్చు. గేటు ఉన్న చోటికే ప్రయాణం, గేటు లేని చోటికి లేదు. మన విజయవాడ జంక్షన్ లాంటిది, అక్కడ ట్రాక్ ఆగితే ఢిల్లీ నుంచి చెన్నై దాకా సగం బండ్లు నిలబడిపోతాయి. మంచి డ్రామా ఉంది. చిక్కేమిటంటే గేటు ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్లదే. కొత్తగా చేరినవాడికి గేటు దొరకదు, రెండు వారాల్లో విసుగొచ్చి పోతాడు. తొమ్మిది మందే అంటున్నారు కాబట్టి, గేట్లు ఏ ప్లేయర్ చేతిలోనూ కాకుండా జీఎం (గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపే మనిషి) చేతిలో ఉంచగలిగితేనే అటు వెళ్లండి.

ఇప్పుడు మీ అసలు గొడవ, వారమా క్షణమా. నా ఓటు వారానికే, కానీ బయటి క్యాలెండర్‌కు కట్టండి. మేం ఇలా చేస్తున్నాం: ఆటలో ఒక జంప్ అంటే ఒక వారం, బయట అది రెండు రోజులు. ఎవరైనా 'జంప్ చేశాం' అని పోస్టు పెడితే దాని కింద తేదీ, టైము వేస్తారు. ఆ రెండు రోజులు గడవనిదే 'చేరాం' అని రాయకూడదు. ఈలోపు ఓడలో ఏం జరిగిందో రాసుకోవచ్చు, మా ఆటలో మంచి సన్నివేశాలన్నీ ఆ మధ్యలోవే. వంటగదిలో పోట్లాటలు, కార్గోలో దొరికిన పిల్లాడు, నిద్రపట్టని డాక్టర్. చేరే చోట ఉన్న ప్లేయర్ ముందే సెలవు చెప్పి ఉంటే గడియారం ఆగుతుంది, వాడు తిరిగొచ్చాక మళ్లీ నడుస్తుంది. గుంటూరు కుర్రాడికి అప్పుడే ఈ రూలు ఉండుంటే బాగుండేది.

క్షణంలో చేరిపోవాలన్న ఆ ప్లేయర్ని కూడా కొట్టిపారేయకండి. జంప్ క్షణమే, కానీ ఇంజన్ మళ్లీ చల్లబడడానికి వారం అనొచ్చు. దాడి చేసేవాడు వచ్చేస్తాడు, కానీ వారం దాకా పారిపోలేడు. వచ్చినవాడు ఇరుక్కుపోతాడన్న భయం ఉంటే ఎవడూ తొందరపడి రాడు. అయితే ఇందులో ముందు కాచుకునేవాడి వంతు కాస్త తగ్గుతుంది. నూరు వ్యాసాల రూలు కూడా ఉంటే ఆ లోటు తీరుతుంది.

భౌతికశాస్త్రం నుంచి ఏమీ తెచ్చుకోకూడదా అంటే, అంకె దొరకదు కానీ మంచి అడ్డంకులు దొరుకుతాయి. 1994లో మెక్సికోకు చెందిన మిగెల్ అల్కుబియెర్రే ఒక లెక్క చూపించాడు. ఓడ కదలకుండా దాని చుట్టూ ఉన్న స్థలాన్నే ముందు కుదించి, వెనక సాగదీస్తే కాంతిని దాటొచ్చు, సాపేక్ష సిద్ధాంతం ఆ లెక్కను కాదనదు. దానికి రుణాత్మక శక్తి, అంటే సున్నా కంటే తక్కువ శక్తి కావాలి, అంత మొత్తంలో అది ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియదు. మనకు పనికొచ్చేది దాని లోపాలే. ఓడ చుట్టూ అలా వంగిన స్థలాన్ని ఒక బుడగ అనుకోండి. కాంతిని దాటాక ఆ బుడగ లోపల ఉన్నవాళ్లు బుడగ ముందు అంచుకు ఏ సంకేతమూ పంపలేరు. అంటే కెప్టెన్ మధ్యలో స్టీరింగ్ తిప్పలేడు, బ్రేకు వేయలేడు. ఇంకో లోపం 2012లో సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. దారిలో తగిలిన కణాలన్నీ బుడగ ముందు పోగుపడి, ఓడ ఆగగానే విపరీతమైన శక్తితో ముందుకు దూసుకుపోతాయి. ఎదురుగా ఊరుంటే ఊరు పోయినట్టే. దీన్ని రూలుగా మార్చుకోండి: ఏ ఓడా గ్రహానికి గురిపెట్టి దిగకూడదు, పక్కకు దిగాలి, అలా దిగనివాడు యుద్ధ నేరస్థుడు. రూలు కూడా వచ్చింది, దాంతోపాటే ఒక కోర్టు కేసూ వచ్చింది.

ఆయుధాల సంగతి ముందే మాట్లాడుకోండి. ఎవడో ఒకడు తప్పకుండా 'ఓడనే బాంబులా వాడితే?' అంటాడు. వెయ్యి టన్నుల ఓడ కాంతి వేగంలో పదో వంతుతో గుద్దితే విడుదలయ్యే శక్తి లక్ష మెగాటన్నులు దాటుతుంది. 1961లో సోవియట్ యూనియన్ పేల్చిన అతిపెద్ద బాంబు 50 మెగాటన్నులు, అలాంటివి రెండు వేలకు పైగా ఒక్కసారి పేలినట్టు. ఇది ఒప్పుకుంటే ఒక్క పోస్టుతో ఒక దేశమే పోతుంది. అందుకని జంప్ నుంచి బయటపడ్డ ఓడ గమ్యంతో పోలిస్తే దాదాపు నిలబడే ఉంటుందని, మనిషి లేని వస్తువు జంప్ చేయలేదని రెండు వాక్యాలు రాసిపెట్టండి. మొదటి వాక్యానికి కారణం అడిగితే ఇంజన్ స్వభావం అంతే అనండి. రెండోదానికి నేను కారణం చెప్పను. అది ఆటలో రహస్యంగా ఉంచితే దాని చుట్టూ మతాలు పుట్టుకొస్తాయి, మాకు రెండు పుట్టాయి.

కాంతికి మాత్రం హద్దు తీసేయకండి. ఓడలు కాంతిని దాటినా, చూపు కాంతి వేగంతోనే ఉండాలి. దీని వల్ల మాకు దొరికిన సన్నివేశం ఒకటి చెప్తాను. ఒక స్టేషన్ పేలిపోయింది. ఎవరు కాల్చారో తెలియదు, రెండు పక్షాలూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు. అక్కడికి ఆలస్యంగా వచ్చిన ఒక ముసలి కెప్టెన్ మాట్లాడకుండా మళ్లీ జంప్ చేసి పన్నెండు కాంతి రోజుల దూరానికి వెళ్లింది. దూరం చిన్నదైనా వారం తప్పదు, బయట రెండు రోజులు ఆగాం. అక్కడ ఓడ ఆపి, టెలిస్కోపు స్టేషన్ వైపు తిప్పి కూర్చుంది. పన్నెండు రోజుల కిందటి వెలుగు అప్పుడే అక్కడికి చేరుతోంది. పేలుడు ఇంకా జరగలేదు. ఆ ప్లేయర్ రాసిన పోస్టులో యుద్ధం లేదు, చల్లారిపోయిన కాఫీ ఉంది, తెర మీద ఒక వెలుగు చుక్క ఉంది, పేలబోయే స్టేషన్‌లో తన కొడుకు ఇంకా బతికే ఉన్నాడన్న సంగతి ఉంది. తొమ్మిదేళ్లయినా ఆ పోస్టు మా గ్రూపులో పిన్ చేసే ఉంది.

కాలంలో వెనక్కి వెళ్లడం గురించి ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, సాపేక్ష సిద్ధాంతాన్ని అలాగే ఉంచి కాంతిని దాటితే, వేర్వేరు వేగాల్లో ఉన్న రెండు ఓడల సాయంతో నిన్నటికి కబురు పంపొచ్చు. దీనికి మందు సులువు: జంప్‌లన్నీ ఒకే గడియారం ప్రకారం జరుగుతాయనండి. విశ్వమంతా నిండి ఉన్న తొలినాళ్ల మైక్రోవేవ్ వెలుగును ఆ గడియారంగా తీసుకోండి, దానితో పోలిస్తే మన సూర్యుడు సెకనుకు సుమారు 370 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నాడు. ఫిజిక్స్ చదివిన ప్లేయర్ తృప్తిపడతాడు, మిగతావాళ్లకు ఇది చెప్పాల్సిన పనే లేదు.

ఎన్ని రూల్స్ పెట్టినా 'మా తాత కట్టిన ఇంజన్ మాత్రం స్పెషల్' అనే పాత్ర ఒకటి వస్తుంది. వద్దంటే అలుగుతారు, సరేనంటే పదిహేను రోజుల్లో అందరి తాతలూ ఇంజనీర్లైపోతారు. నేను ఒప్పుకుంటాను, కానీ ధర అడుగుతాను. ఆ ఇంజన్ మూడుసార్లు పనిచేస్తుంది, నాలుగోసారికి ఏమవుతుందో జీఎం రాస్తాడు. ఇప్పటిదాకా మూడోసారి వాడినవాళ్లు ఒక్కరే ఉన్నారు. మిగతావాళ్లందరూ రెండు దగ్గరే ఆగిపోయి, మూడోదాన్ని దాచుకుని తిరుగుతున్నారు.

మీ ఆట ఇప్పటికే మొదలైంది కాబట్టి చివరి చిక్కు, నడుస్తున్న కథలో రూలు మార్చడం. పాత పోస్టులు దిద్దకండి, రెట్‌కాన్ (జరిగిపోయిన కథను వెనక్కెళ్లి మార్చడం) చేస్తే ఎవరో ఒకరికి నచ్చిన సన్నివేశం పోతుంది. కథలోనే ఒక కారణం పెట్టండి. ఫలానా తేదీ తర్వాత పాత ఇంజన్లు పనిచేయడం మానేశాయి, ఎందుకో ఎవరికీ తెలియదు, కొత్త ఇంజన్లకు వారం పడుతోంది. అప్పటికి ఎవరి ఓడలు ఎక్కడున్నాయో అక్కడే ఇరుక్కుపోయాయి. ఈ పోస్టు మీరే, జీఎంగా, ఒక శుక్రవారం రాత్రి పెట్టండి. అమెరికాలో ఉన్నవాళ్లకు అప్పటికి పొద్దుటే అవుతుంది, మనవాళ్లకు మర్నాడు సెలవు. ఎవరి ఓడ ఎక్కడ ఆగిపోయిందో ఆదివారం లోపు ఒక్కో పేరా రాయమనండి.